ఎనిమిదిన్నర ఏండ్ల తర్వాత ఇంకొక ఏడాది

(సంఘం వార్షిక సభలో చేసిన ప్రసంగ పాఠం)



కార్యదర్శిగారు మమ్ములను పిలిచి, "మాస్టర్ సాబ్, ఈ సారి చదువు మీద ఏదైనా కొత్త సంగతి చెప్పండి" అన్నారు. ప్రతి ఏడూ ఈ సభలో పదవ తరగతి ఫలితాలు, ఇంటర్ సీట్లు, నీట్ కోచింగు, వీటి గురించే మాట్లాడుకొంటున్నాము. అవసరమే. నీట్ పరీక్ష 2018 నుండి ఉర్దూలో కూడా వ్రాసే వీలు కలిగింది గనుక మా బోటి ఉపాధ్యాయులకు పని పెరిగింది కూడా. కాని నిచ్చెన మొదటి మెట్టు దగ్గర వున్నంత జనం చివరి మెట్టు దగ్గర వుండరు. అక్కడికి చేరిన పిల్ల ఒంటరిది అవుతుంది. ఈ రోజు ఆ చివరి మెట్టు గురించి చెప్పదలచుకొన్నాము. దాని పేరు ఫెలోషిప్. అందులోనూ పిల్లల చర్మవైద్యంలో ఫెలోషిప్.

గ్రామరు, గజల్ చెప్పుకొనే వారికి చర్మంతో ఏమి పని అని మీకు అనిపించవచ్చు. పని వున్నది. పొద్దున్నే హాజరుపట్టీ తెరిచి పేరు పిలిస్తే, పిల్లవాడు చెయ్యెత్తి "హాజిర్ జనాబ్" అంటాడు. ఆ ఎత్తిన చేతి వేళ్ళ సందుల్లో గజ్జి కనబడుతుంది. రెండవ వరుసలో పిల్ల బుగ్గ మీద తెల్లమచ్చ. మూలన కూర్చున్న వాడి నెత్తి మీద రూపాయి బిళ్ళంత మేర వెంట్రుకలు లేవు. డాక్టరు పిల్లవాణ్ణి ఏడాదికి ఒకసారి చూస్తే ఎక్కువ. మేము ఏడాదికి రెండు వందల రోజులు చూస్తాము. మందు తెలియదు గాని చూపు అలవాటయింది.

ఆ తెల్లమచ్చ సంగతే తీసుకోండి. దానిని చూసిన ప్రతి నానీ, ప్రతి అవ్వ చెప్పేది ఒకటే: "కడుపులో నులిపురుగులు." కొందరు కాల్షియం తక్కువ అంటారు. ఇంకొందరు గుండె జారిపోయి బొల్లి అనుకొని, ఆడపిల్ల అయితే అప్పుడే పెండ్లి గురించి దిగులు పడతారు. కుష్ఠు అని భయపడిన వారినీ చూశాము. నిజానికి బడి పిల్లల ముఖాల మీద కనబడే ఈ పాలిపోయిన, సన్నని పొట్టు లేచే మచ్చ చాలాసార్లు చర్మం ఎండిపోవటం వల్ల వచ్చే తేలికపాటి ఎగ్జిమా. పిటిరియాసిస్ ఆల్బా అని దాని పేరు. కొన్ని నెలలకు అదే పోతుంది, నూనో మెత్తని లేపనమో రాస్తే చాలు. కాని అదే తెల్లమచ్చ స్పర్శ లేకుండా వుంటే అది కుష్ఠు కావచ్చు, ఆలస్యం చేయరాదు. పాలవలె తెల్లగా, అంచు స్పష్టంగా వుంటే బొల్లి కావచ్చు. మూడు మచ్చలకు మూడు దారులు. చూసి చెప్పేవాడు తెలిసినవాడై వుండాలి.

ఇక వైద్యులు ఎలా తయారవుతారో లెక్క చెబుతాము. లెక్క చెప్పటం మా వృత్తి గదా. ఎం.బి.బి.ఎస్. నాలుగున్నర ఏండ్లు. దాని మీద ఇంటర్న్‌షిప్ ఒక ఏడాది. తర్వాత మళ్ళీ పోటీ పరీక్ష. అందులో నెగ్గి చర్మవైద్యం సీటు వస్తే ఎం.డి. మూడేండ్లు. మొత్తం ఎనిమిదిన్నర. మధ్యలో పోటీ పరీక్షకు కూర్చున్న ఏండ్లను ఎవరూ లెక్కలో వేయరు, తల్లిదండ్రులు మాత్రం వేసుకొంటారు. చర్మవైద్యం సీటు దొరకటం సామాన్యం కాదు. మంచి ర్యాంకులు వచ్చినవారు మొట్టమొదట ఎత్తుకొనిపోయే సీట్లలో అది ఒకటి. అర్ధరాత్రి లేపి పిలిచేవారు తక్కువ, సంపాదన ఎక్కువ అని పేరు.

ఆ ఎం.డి. పూర్తి పేరు వినండి: డెర్మటాలజీ, వెనిరాలజీ, లెప్రసీ. అనగా చర్మరోగాలు, సుఖరోగాలు, కుష్ఠు. ఒకే డిగ్రీలో మూడు శాస్త్రాలు. ఆ మూడేండ్లలోనే ముసలివారి చర్మం, గర్భిణీ చర్మం, పనివారి చేతులు, మొటిమలు, జుట్టు, గోళ్ళు, లేజరు యంత్రాలు అన్నీ నేర్వాలి. అందులో పిల్లల వంతు ఎంత వస్తుందో మీరే ఊహించండి. పెద్ద పిల్లల ఆసుపత్రి ప్రక్కన వున్న కాలేజీలో చదివినవారికి కొంత ఎక్కువ, లేనివారికి కొంత తక్కువ.

పిల్లవాడంటే చిన్న సైజు పెద్దమనిషి కాదు. మా క్లాసులో కూడా కాదు, చర్మంలో కూడా కాదు. పసిబిడ్డ బరువుతో పోలిస్తే ఒంటి మీది చర్మం విస్తీర్ణం పెద్దవారి కంటె రెండు మూడింతలు వుంటుంది. అందుచేత పైన పూసిన మందు లోపలికి ఇంకే పాలు కూడా ఎక్కువ. నెల తక్కువగా పుట్టిన బిడ్డకైతే చర్మం ఇంకా తయారే కాలేదు, మొదటి రెండు మూడు వారాలు దాని గుండా నీరు బయటికి పోతుంది, క్రిమి లోపలికి వస్తుంది. ఢాకాలోని పిల్లల ఆసుపత్రిలో ఇటువంటి నెలతక్కువ బిడ్డలకు పొద్దుతిరుగుడు నూనె రాసి చూస్తే, ఆసుపత్రిలో అంటుకొనే ప్రమాదకరమైన ఇన్‌ఫెక్షన్లు 41 శాతం తగ్గినట్లు 2005 లో లాన్సెట్ పత్రికలో ప్రచురించారు. మన ఇండ్లలో నూనె రాయటం తెలియనిదా? తెలిసినదే. ఏ నూనె, ఏ బిడ్డకు, ఎన్నాళ్ళు అన్నది తేల్చటానికి మాత్రం చదివినవారు కావలసి వచ్చింది.

ఇప్పుడు ఆ ఇంకొక ఏడాదిలో ఏమి నేర్పుతారు? పిల్లల ఆసుపత్రిలో చర్మవిభాగం ఓ.పి. లో కూర్చోవటం అందరికీ తెలిసిన పని. అది కాక పురిటి బిడ్డల వార్డు నుండి పిలుపు వస్తే పోవాలి. పుట్టగానే ఒళ్ళంతా ప్లాస్టిక్ కాగితం చుట్టినట్లు మెరిసే పొరతో వచ్చే బిడ్డలుంటారు. ముట్టుకొంటే బొబ్బలెక్కే బిడ్డలుంటారు. ఆ బిడ్డకు అంటుకొనే పట్టీ వేయరాదు, పాలు ఎలా పట్టాలి, గుడ్డ ఎలా మార్చాలి, నర్సుకు ఏమి చెప్పాలి, ఇవన్నీ పుస్తకం చదివితే వచ్చేవి కావు. రక్తనాళాల మచ్చలకు సర్జను, గుండె డాక్టరు, కంటి డాక్టరు అందరితో కూర్చొని ఆలోచించాలి. జన్యుశాస్త్రం కొంత నేర్వాలి. మత్తు యిచ్చి లేజరు చేయటం నేర్వాలి. వీటన్నిటికంటె ముందు, ఏడుస్తున్న బిడ్డను తల్లి ఒడి నుండి దించకుండా పరీక్ష చేయటం నేర్వాలి. ఇది మాకు బాగా అర్థమవుతుంది. ఒకటో తరగతికి పాఠం చెప్పటం పదో తరగతికి చెప్పటం కంటె కష్టమని ఉపాధ్యాయులకు తెలుసు, డిపార్టుమెంటు వారికి తెలియదు.

ఒక ఎర్రమచ్చ కథ చెబుతాము. కొందరు పసిబిడ్డలకు పుట్టిన కొన్ని వారాల లోపల ఎర్రగా, ఉబ్బెత్తుగా, స్ట్రాబెర్రీ పండు వలె మచ్చ లేస్తుంది. హీమాంజియోమా అంటారు. మొదటి అయిదారు నెలలు వేగంగా పెరిగి, తర్వాత ఏండ్ల తరబడి మెల్లగా కరిగిపోతుంది. చాలా వాటికి ఏమీ చేయనక్కరలేదు. కాని కనురెప్ప మీద లేస్తే చూపు పోవచ్చు. గడ్డం చుట్టూ లేస్తే లోపల శ్వాసనాళంలో కూడా వుండవచ్చు. ఒంటి మీద అయిదు, అంతకంటె ఎక్కువ వుంటే కాలేయం కూడా స్కాను తీసి చూడాలి. పూర్వం వీటికి ఎక్కువగా స్టెరాయిడే యిచ్చేవారు. ఫ్రాన్సు దేశంలో బోర్దో నగరంలో ముక్కు మీద ఇటువంటి మచ్చ వున్న ఒక బిడ్డకు స్టెరాయిడ్ యిస్తుండగా గుండె కండరం మందమయింది. గుండె కోసమని ప్రొప్రానొలాల్ అనే పాత మందు యిచ్చారు. మరునాటికే మచ్చ రంగు మారింది, మెత్తబడింది. పిల్లల చర్మవైద్యురాలు లెయోటే-లాబ్రేజ్ గారు, వారి సహచరులు దానిని చూసీ చూడనట్లు వదిలిపెట్టలేదు. ఇంకొందరు బిడ్డలకు యిచ్చి చూసి 2008 లో ప్రకటించారు. 2014 లో అమెరికా ప్రభుత్వం ఆ మందుకు ఈ జబ్బు కోసమే అనుమతి యిచ్చింది. పెద్దవారికి బి.పి. కోసం దశాబ్దాలుగా వాడుతున్న మందే అది. ఎదుట పడిన దానిని గుర్తించే కన్ను వుండటమే అక్కడ విద్య.

ఈ శాఖ పాతదేమీ కాదు. ప్రపంచం మొత్తానికి మొదటి పిల్లల చర్మవైద్య మహాసభ 1973 లో మెక్సికో నగరంలో జరిగింది. మెక్సికో డాక్టరు రమోన్ రూయిజ్ మాల్డొనాడో గారు ఈ శాఖకు పునాది వేసిన వారిలో ముఖ్యులు. అమెరికాలో దీనికి సొసైటీ 1975 లో ఏర్పడింది. ప్రత్యేకంగా పత్రిక 1983 లో వచ్చింది. అక్కడ చర్మవైద్యంలో శిక్షణ పూర్తి చేసినవారు ఇంకొక ఏడాది ఫెలోషిప్ చేసి, బోర్డు వారి ప్రత్యేక పరీక్ష వ్రాయాలి. ఆ పరీక్ష మొదటిసారి 2004 లో పెట్టారు. అంత పెద్ద దేశంలో ఈ శాఖవారు కొన్ని వందల మందే. ఫెలోషిప్ స్థానాలు కొన్ని తరచు ఖాళీగా మిగిలిపోతుంటాయి కూడా. ఎందుకంటే ఇంకొక ఏడాది చదివితే సంపాదన పెరగదు. పిల్లవాణ్ణి చూడటానికి ఎక్కువ సేపు పడుతుంది, తల్లికి చెప్పటానికి ఇంకా ఎక్కువ సేపు పడుతుంది, ఫీజు అంతే. డబ్బున్న దేశంలోనే ఇలా వున్నది.

ఆ తొలి తరంవారిలో సిడ్నీ హర్విట్జ్ అనే డాక్టరు మాకు ఎక్కువగా నచ్చారు. ఆయన ఎన్నో ఏండ్లు పిల్లల డాక్టరుగా ప్రాక్టీసు చేసి, తర్వాత మళ్ళీ విద్యార్థిగా యేల్ విశ్వవిద్యాలయంలో చేరి చర్మవైద్యం నేర్చుకొన్నారు. 1981 లో పిల్లల చర్మరోగాల మీద పాఠ్యగ్రంథం వ్రాశారు. ఆయన తర్వాత కూడా దానిని సవరించి అచ్చు వేస్తూనే వున్నారు. తనకంటె చిన్నవారి ప్రక్కన బెంచీ మీద కూర్చొని నోట్సు వ్రాసుకోవటానికి సిగ్గుపడని మనిషి. బి.ఇడి. కి సెలవు పెట్టి పోయిన మా సహోపాధ్యాయులకు ఆ కష్టం తెలుసు.

అసలు ఇంకొంచెం వెనక్కి పోతే ఇది మనకు పరాయి విద్య కాదు. రయ్ నగరానికి చెందిన అబూ బక్ర్ అర్రాజీ గారు మశూచికి, తట్టుకు తేడా ఏమిటో వివరంగా గ్రంథం వ్రాశారు. వెయ్యేండ్ల పైమాట. జ్వరం ఎట్లా వచ్చింది, నడుము నొప్పి వున్నదా, పొక్కు ఎట్లా లేచింది అని గమనించి రెంటినీ విడదీశారు. పిల్లల రోగాల మీద కూడా వారి పేరిట ఒక చిన్న గ్రంథం వున్నది. మన ఊళ్ళలో రెండింటికీ కలిపి "అమ్మవారు పోసింది" అనటమే గదా ఇటీవలి దాకా. రాజీ గారి పేరు మనము సభలలో గర్వంగా చెప్పుకొంటాము. చెప్పుకోవటం తేలిక, ఖర్చులేని పని.

మన హైదరాబాదు సంగతి కూడా ఒక మాట. ఉస్మానియాలో వైద్యం ఉర్దూలో చెప్పిన కాలమొకటి వుండేది. ఆ కాలం తిరిగి రావాలని మేము అనటం లేదు. కాని ఒక చిక్కు మిగిలిపోయింది. డాక్టరు ఇంగ్లీషులో చదువుతాడు, తల్లి తన భాషలో బాధ చెబుతుంది. తెలుగు తల్లి గజ్జి వేరు, తామర వేరు, చిడుము వేరు అని చెప్పగలదు. మన ఇండ్లలో తల్లి అన్నిటికీ "ఖుజ్లీ" అంటుంది. "దాద్" అంటే తామర. "దాగ్" అంటే మచ్చ. ఒక అక్షరం తేడా. హడావుడిలో వున్న డాక్టరు దాగ్‌ను దాద్‌గా వింటే మచ్చకు తామర మందు రాస్తాడు. పల్లెల్లో అక్కి లేచిందంటే కుమ్మరి దగ్గరికి పోయి జాజుతో బొమ్మ వ్రాయించుకొంటారు. మనవారూ వ్రాయించుకొంటారు, ఒప్పుకోరు. ఇవన్నీ తెలిసి, నవ్వకుండా వినే డాక్టరు కావాలి. ఉర్దూ మీడియంలో చదివిన పిల్ల డాక్టరు కావటంలో లాభమేమిటని అడిగేవారికి మా జవాబు ఇది.

ఆ ఎత్తిన చేతి మీది గజ్జి గురించి కూడా చెప్పాలి. పెద్దవారికి మెడ నుండి అరికాలి దాకా మందు రాస్తారు. పసిబిడ్డకు కండ్లు, నోరు తప్పించి తలకు, ముఖానికి కూడా రాయాలి. ఇంట్లో దురద వున్నవారూ లేనివారూ అందరూ ఒకే రాత్రి రాసుకోవాలి, వారం తర్వాత మళ్ళీ రాసుకోవాలి. ఒక పిల్లవాడికి మాత్రం రాసి, మిగిలిన ఆరుగురు అదే దుప్పట్లో పడుకొంటే పది రోజులకు మళ్ళీ మొదటికి వస్తుంది. అప్పుడు మందు మంచిది కాదని డాక్టరును మారుస్తారు. నెత్తి మీది తామర మరొకటి. బూజు వెంట్రుక లోపల వుంటుంది గనుక పైన పూత రాస్తే పోదు, లోపలికి మందు మ్రింగాలి, అదీ వారాల తరబడి, బిడ్డ బరువును బట్టి. పెద్దల మాత్రను విరిచి సగం యివ్వటం లెక్క కాదు.

అన్నిటికంటె మాకు కోపం తెప్పించేది ఆ ట్యూబు. మందుల షాపులో "దురదకు ఏదైనా యివ్వు భాయ్" అంటే యిచ్చే ట్యూబు. అందులో బూజుకు ఒక మందు, క్రిమికి ఒక మందు, వాటితో పాటు గట్టి స్టెరాయిడ్, మూడూ కలిపి వుంటాయి. రాసిన మరునాడు దురద తగ్గుతుంది, అందుకే దానికి పేరు. ఆపితే రెట్టింపుగా వస్తుంది. తెల్లబడుతుందని ముఖానికి రాసే ఆడపిల్లలున్నారు. చర్మం పలచబడి, నరాలు తేలి, ఎండకు పోలేని స్థితి వస్తుంది. పసిబిడ్డ తొడల సందున ఒరుపుకు ఇదే ట్యూబును నెలల తరబడి రాస్తే మందు లోపలికి ఇంకి, ముఖం చంద్రబింబంలా ఉబ్బుతుంది, ఎదుగుదల ఆగుతుంది. "మా బాబు బొద్దుగా అయినాడు" అని మురిసిపోయేవారు కూడా వుంటారు. 2018 లో కేంద్ర ప్రభుత్వం 14 రకాల స్టెరాయిడ్ పూతమందులను షెడ్యూల్ హెచ్ లో చేర్చింది. అనగా డాక్టరు చీటీ లేకుండా అమ్మరాదు. చట్టం వున్నది. షాపు కూడా మన వీధిలోనే వున్నది.

ఇప్పుడు కొంచెం కష్టమైన మాట. పెద్దలు మన్నించాలి. మా దగ్గర ఒక పిల్లవాడు చదివినాడు. ఒళ్ళంతా పొలుసులు. తోటి పిల్లలు పాము అని పిలిచేవారు. అంటుకొంటుందని కొందరు తల్లిదండ్రులు వచ్చి వాణ్ణి వేరే బల్ల మీద కూర్చోబెట్టమన్నారు. మేము కూర్చోబెట్టలేదు. ఎండాకాలం ఒంటిపూట బడిలో కూడా వాడికి ముఖం జేవురించి, కండ్లు తిరిగేవి. మా ఊరిలో ఒకరి తర్వాత ఒకరు ముగ్గురు డాక్టర్లు ఎలర్జీ అన్నారు, పథ్యం చెప్పారు. పాపం వాడు గుడ్డు, చేప, వంకాయ, పల్లీలు అన్నీ మానుకొని ఎముకల గూడయినాడు. పదవ ఏట ఒక పెద్ద ఊరిలో పిల్లల చర్మం చూసే డాక్టరమ్మ వాణ్ణి చూసి, ఇది పుట్టుకతో వచ్చిన ఇక్‌థియోసిస్, అంటుకొనేది కాదు, చెమట సరిగా బయటికి రాదు గనుక వేడి తట్టుకోలేడు అని చెప్పింది. స్నానం చేసిన మూడు నిమిషాలలో తడి ఆరకముందే లేపనం రాయమన్నది. ఎండలో చొక్కా తడిపి తొడగమన్నది. అన్నీ తినమన్నది. జబ్బు పోదని కూడా చెప్పింది. ఆమె బడికి ఒక చీటీ వ్రాసి పంపింది, ఇది అంటువ్యాధి కాదని. ఆ చీటీని నోటీసు బోర్డుకు అంటించమని కొందరు సలహా యిచ్చినారు, మేము అంటించలేదు. అడిగిన వారికి మాత్రం చూపించినాము. వాడు ఇప్పుడు ఇంటర్ రెండవ సంవత్సరం. నీటి సీసా చంకన పెట్టుకొనే తిరుగుతాడు.

ఆ డాక్టరమ్మ తల్లిదండ్రులను ఇంకొక ప్రశ్న అడిగింది: "మీ ఇద్దరూ బంధువులా?" వారు ఖాలా బిడ్డలు. ఇటువంటి జబ్బుల్లో చాలా వాటికి తల్లి దగ్గర ఒక లోపపు జన్యువు, తండ్రి దగ్గర అదే లోపపు జన్యువు, రెండూ బిడ్డలో కలవాలి. తల్లిదండ్రులు ఆరోగ్యంగానే వుంటారు. కాన్పు కాన్పుకు నాలుగింట ఒక వంతు అవకాశం. దగ్గరి రక్తసంబంధంలో ఒకే లోపం ఇద్దరి దగ్గరా వుండే వీలు ఎక్కువ. ఇది మన సమస్య మాత్రమే అని ఎవరైనా వేలు చూపితే ఒప్పుకోవద్దు. తెలుగుదేశంలో మేనరికాలు, మేనమామకు పిల్లనివ్వటం అన్ని కులాల్లోనూ వున్నదే. ఇక మనవారితో ఒక మాట: చాచా బిడ్డను చేసుకోవటానికి అనుమతి వున్నది, ఆజ్ఞ లేదు. ఒక ఇంట్లో ఇటువంటి బిడ్డ పుట్టినప్పుడు, ఆ ఇంట్లోనే ఇంకొక సంబంధం కలుపుకొనే ముందు జన్యు సలహా తీసుకొంటే తప్పేమిటి? ఆ సలహా ఇవ్వగలవారు మన జిల్లాల్లో ఎందరున్నారు? అక్కడే మా ప్రసంగానికి అసలు సంగతి వస్తున్నది.

మా దగ్గర చదివిన ఒక అమ్మాయి ఈ ఏడాది చర్మవైద్యంలో ఎం.డి. పూర్తి చేసింది. తండ్రి దర్జీ. పేరు చెప్పటం ఆమెకు ఇష్టం లేదు. ఎం.బి.బి.ఎస్. మొదటి రెండేండ్లు పుస్తకాలకు మన సంఘమే సాయం చేసింది, రిజిస్టరులో వున్నది. ఇప్పుడు ఆమెకు రెండు దారులున్నాయి. ఒకటి, ఊళ్ళోనే బజారులో అద్దెకు గది తీసుకొని, లేజరు యంత్రం అప్పుకు తెచ్చి, వెంట్రుకలు తీయటం, తెల్లబరచటం. ఆ అప్పు యిచ్చేవారు ఇంటికే వస్తున్నారు. రెండవది, పిల్లల చర్మవైద్యంలో ఫెలోషిప్. మన పొరుగున బెంగుళూరులో రాజీవ్ గాంధీ ఆరోగ్య విజ్ఞాన విశ్వవిద్యాలయం వారి ఫెలోషిప్ కోర్సులలో ఇది ఒకటి. ఫెలోషిప్ అంటే ఇంకొక డిగ్రీ కాదు, బోర్డు మీద పేరు ప్రక్కన అక్షరాలు పెద్దగా పెరగవు. కొన్ని సంస్థలలో నెలనెలా స్టైపెండు యిస్తారు, కొన్నింటిలో మనమే ఎదురు ఫీజు కట్టాలి. చేరకముందే అడిగి తెలుసుకోవాలి.

ఆమె తండ్రి మమ్ములను అడిగినాడు: "మాస్టర్ సాబ్, ఆ ఏడాది చదివితే జీతం ఎక్కువ వస్తుందా?" రాదు అన్నాము. "పెండ్లి సంబంధం మంచిది వస్తుందా?" రాదు, ఆలస్యం కూడా కావచ్చు అన్నాము. "మరెందుకు?" ఆయన కోపంతో అడగలేదు. ఎనిమిదిన్నర ఏండ్లు మిషను త్రొక్కిన మనిషి, అడిగే హక్కు వున్నది. మేము ఆయనకు ఆ పొలుసుల పిల్లవాణ్ణి చూపినాము. ఎవరో కాదు, ఆయన అంగడికి మూడు ఇండ్ల అవతల వుండే వాడే. "ఈ వీధిలో పుట్టిన వాడికి తన జబ్బు పేరు తెలియటానికి పదేండ్లు పట్టింది. మీ అమ్మాయి ఇక్కడే వుండి వుంటే పది రోజులు పట్టేది" అన్నాము. ఆయన టేపు మెడలో వేసుకొని చాలాసేపు ఏమీ అనలేదు. తర్వాత, "ఖర్చుల సంగతి మీ అంజుమన్ చూస్తుందా?" అన్నాడు.

ఆ ప్రశ్ననే మేము ఈ సభ ముందు పెడుతున్నాము. మన సంఘం నిబంధనల ప్రకారం విద్యార్థి సహాయం పదవ తరగతి నుండి డిగ్రీ వరకు, వృత్తి విద్యలకు మొదటి రెండేండ్లు. ఎం.డి. అయినవారికి సహాయమెందుకు, వారు సంపాదించుకొంటారు గదా అని మన వాదన. న్యాయంగానే కనబడుతుంది. అయితే ఇక్కడ సహాయం డాక్టరుకు కాదు, ఆ ఏడాదికి. ఆమె సంపాదన ఆ ఏడాది ఆగిపోతుంది గనుక ఇంటి బాడుగ, చెల్లెలి ఫీజు ఆగిపోతాయి. జకాత్ పైకం ముట్టవలసిన పని లేదు. దాని లెక్క వేరు, హక్కుదారులు వేరు. ప్రతి ఏడూ ఈ సావనీరులో ప్రకటనల ద్వారా వచ్చే ఆదాయం వున్నది, షాదీఖానా అద్దె వున్నది. అందులో నుండి రెండేండ్లకు ఒకసారి ఒకరికి, తిరిగి చెల్లించే పద్ధతి మీద, వడ్డీ లేకుండా ఖర్జె హసనాగా యివ్వవచ్చు. చెల్లించటం డబ్బుగానే కానక్కరలేదు. తిరిగి వచ్చాక నెలకు రెండు ఆదివారాలు చొప్పున మూడేండ్లు మన బడులలో, పల్లెలలో పిల్లలను ఉచితంగా చూస్తే సగం మాఫీ చేయవచ్చు. ఆ అమ్మాయి దీనికి ఒప్పుకొన్నది. కార్యవర్గంలో ఒకరిద్దరు "రాకపోతే?" అన్నారు. రాకపోతే డబ్బు కట్టాలని కాగితం వ్రాసుకొందాము. అప్పు వ్రాసి పెట్టుకోవటం మనకు కొత్త కాదు.

షరతు ఒకటి మాత్రం మేము వద్దంటాము. ఊరికి తిరిగి వచ్చి మన పిల్లలనే చూడాలి అనే షరతు. పిల్లవాడి చర్మం మీద మతం వ్రాసి వుండదు. నీలోఫర్ బేగం గారు తన దగ్గర పనిచేసే మనిషి కాన్పులో చనిపోతే చలించి ఆసుపత్రి కోసం పట్టుబట్టారు. 1953 లో హైదరాబాదులో వెలిసిన ఆ నీలోఫర్ ఆసుపత్రి మెట్ల మీద ఈ రోజు కూర్చున్న తల్లులలో అన్ని ఊళ్ళవారూ, అన్ని కులాలవారూ వున్నారు.

తీర్మానం నకలు కార్యదర్శిగారికి యిచ్చినాము. భోజనాల తర్వాత సర్వసభ్య సమావేశంలో చర్చకు వస్తుంది. చందా కట్టిన ప్రతి ఒక్కరికీ వోటు వున్నది, ఆడవారికి కూడా. తెర అవతల నుండి చీటీ మీద వ్రాసి పంపినా చెల్లుతుందని అధ్యక్షులవారు అన్నారు.

ఇంకొక సమాచారం. వచ్చే ఆదివారం పొద్దున తొమ్మిది గంటలకు మా పాఠశాలలో ఆ అమ్మాయి పిల్లలను చూస్తానన్నది. పిల్లవాణ్ణి ఒక్కణ్ణే పంపవద్దు, తల్లి కూడా రావాలి. గజ్జి వున్నట్లయితే ఇంటిల్లిపాదీ రండి. ఇంట్లో వాడుతున్న పూతమందు ట్యూబులు, సగం పిండినవైనా సరే, పారవేయకుండా సంచిలో వేసుకొని తీసుకొని రండి. వాటి మీది పేర్లు ఆమె చదవాలి.